మూడు వేళ్ళ రోలు: రోలమ్మ కనుమ కథ

ఈ కథను నాకు మొదట చెప్పినది మా మేనత్త తిప్పమ్మ. ఆమె ఊరుబిండి పచ్చడి నూరుతూ చెప్పేది. చెయ్యి ఆగితే కథ కూడా ఆగేది. ఆమెకు వాళ్ళ అవ్వ చెప్పినది. ఆ అవ్వను కన్నతల్లి ఎవరంటే, ఈ కథలో పసిబిడ్డగా వచ్చే ఆడబిడ్డ. కాబట్టి ఇది గాలికి వచ్చిన మాట కాదు. ఇంట్లో పుట్టి ఇంట్లో నిలిచిన మాట.

నాకు చదువు తక్కువ. సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుకోగలను. నేను చెబుతుంటే రాసినది మా చిన్నకోడలు నాగవేణి. రాసిన ప్రతి కాగితమూ మళ్ళీ చదివించుకుని విన్నాను. ఒకచోట ఆమె 'ఆహారపదార్థములు' అని రాస్తే కొట్టివేయించి 'సంగటి' అని రాయించాను. ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలవాలి.

రోలమ్మ కనుమ సుద్దలపల్లెకు పడమరగా రెండు కోసుల దూరంలో, ఎర్రగుట్టల నడుమ ఉన్నది. బస్సు పల్లె దగ్గరే నిలిచిపోతుంది. అక్కడినుండి నడక. గుడి అంటే గోపురం ఉంటుందని అనుకుని రావద్దు. నాలుగు రాతి కూసాలు, వాటి మీద బండల పైకప్పు, అంతే. విగ్రహం లేదు. నేలబండలోనే తొలిచిన పెద్ద రోలు ఒకటి ఉంటుంది. అరవై మందికి సరిపడా పచ్చడి ఒక్కసారిగా నూరవచ్చు. ఆ రోలే అమ్మ. లోపలి గోడకు, తూర్పు పక్కన, పైనుంచి కిందికి, వేళ్ళతో గీసినట్లు, మూడు గాళ్ళు పడి ఉంటాయి. వేలు పెట్టి చూస్తే ఆడమనిషి వేళ్ళకు సరిగ్గా సరిపోతాయి. మగవాళ్ళు వేళ్ళు పెట్టరాదు.

అమ్మకు పెట్టేది రాగి సంగటి, దానిలోకి ఊరుబిండి. వేరే ఏదీ లేదు. సంగటిలో నూకలు ఉడికినాకనే రాగిపిండి పోయాలి, కట్టెతో ఉండలు లేకుండా ఎనపాలి. తడిచేత్తో ముద్ద కట్టి, నడుమ బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటలో ఊరుబిండి పెట్టాలి. ఊరుబిండికి చెనిక్కాయలు, అదే వేరుశనగ గింజలు, వేయించి పొట్టు తీయాలి, మిరపకాయలు నిప్పుల మీద కాల్చాలి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి చేర్చి రోటిలోనే నూరాలి. మిక్సీలో తిప్పి డబ్బాలో తెచ్చిన పచ్చడిని అమ్మ ముట్టదు. పోయిన ఏడాది టౌను నుండి కారులో వచ్చిన ఒకామె, "రోలైతేనేమి, మిక్సీ అయితేనేమి పెద్దాయనా, కడుపులోకి పోయేది ఒకటే కదా" అన్నది. "కడుపులోకైతే ఒకటే తల్లీ, ఇది గుడిలోకి" అన్నాను. ఆమె మూతి ముడుచుకుని వెళ్ళిపోయినది. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి లేదు. మూడేళ్ళు వరుసగా వాన పడలేదు. సుద్దలపల్లె బావులు అడుగంటినాయి. గొడ్లను తోలుకుని కొందరు దిగువకు పోయినారు, పోయినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఉన్నవాళ్ళలో అరవై మంది ఒక మాట మీదికి వచ్చినారు. కనుమకు అవతలి పక్క ఒక ఊట ఉన్నది, ఎంత ఎండలోనూ ఎండదు. కనుమ బండను కొట్టి కాలువ తీస్తే ఆ నీళ్ళు పల్లెకు దిగుతాయి. ఊరు బతకాలంటే అదొక్కటే దారి.

బండ కొట్టే మనిషికి కూడు కావాలి. ఊరిలో పాతరలో ఇంకా రాగులు మిగిలి ఉన్న ఇల్లు ఒక్కటే, అది మాది. ఆ ఇంటి పెద్ద కదిరమ్మ. మొగుడు లేడు, ఒక్క కొడుకు గంగరాయుడు. "ఉన్నంతవరకు అందరికీ ఒక పూట సంగటి పెడతాను, నా పాతర ఖాళీ అయ్యేలోపల నీళ్ళు దించండి" అని ఆమె మాట ఇచ్చినది. ఇది నిజం. ఆ గొప్పతనాన్ని నేను ఎక్కడా తక్కువ చేయను. ఆ దినం నుండి మా ఇంటిని సంగటోళ్ళ ఇల్లు అంటారు.

పల్లె నుండి వండి మోసుకుపోతే సంగటి రాయి అవుతుందని, కనుమలోనే పొయ్యి పెట్టినారు. పనివాళ్ళే నేలబండలో రోలు తొలిచి ఇచ్చినారు. దినమూ పొద్దు నెత్తికి వచ్చేసరికి కదిరమ్మ సంగటి ఎనిపేది, కోడలు పచ్చడి నూరేది. చెనిక్కాయలు మా పక్క ఇంకా అంతగా పండని కాలమది. ఉలవలు గాని, నువ్వులు గాని, కందులు గాని నూరేవాళ్ళు. మొదటి ముద్ద, మొదటి పచ్చడి ఇంటిదేవుడికని పక్కన ఒక రాతి మీద పెట్టి, దండం పెట్టి, ఆ తరువాతనే జనానికి వడ్డించేవాళ్ళు.

కదిరమ్మకు ఒక పట్టుదల ఉన్నది. దేవుడు తినకముందు వండినది నాలుకకు తగలరాదు. తగిలితే ఎంగిలి. ఉప్పు చాలిందా, పులుపు చాలిందా అనేది చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి, నోటికి కాదు. నలభై ఏళ్ళుగా ఆమె ఒక్కసారి కూడా రుచి చూడకుండా వండినది, ఒక్కసారి కూడా ఉప్పు తప్పలేదు. బండ కొట్టేవాళ్ళలో బయ్యప్ప అనే ముసలాయన ఉండేవాడు. ఆయన ఒకనాడు ముద్ద మింగుతూ, "ఏం కదిరమ్మక్కా, నీ చేతిలో తక్కెడ కట్టి పంపించినాడా దేవుడు?" అన్నాడంట. "నీ నాలుక కంటే నా చెయ్యి మేలులే బయ్యన్నా, పొద్దస్తమానం వాగదు" అన్నదంట ఆమె. అందరూ నవ్వినారు. కరువులో కూడా ఆ మాత్రం నవ్వు ఉండేది.

కోడలి పేరు ఈరక్క. కనుమకు అవతల మేకలు కాచుకునే వాళ్ళ బిడ్డ. ఆ కరువులో మేకలన్నీ చచ్చిపోయినాయి, తండ్రి పోయినాడు, పుట్టినిల్లు అనేది లేకుండా పోయినది. చంకలో ఆరు నెలల ఆడబిడ్డ. మేకలోళ్ళకు రుచి చూడకుండా వండడం తెలియదు. అడవిలో దొరికినది వండుకునే వాళ్ళు, ముందు నాలుక మీద పెట్టి చూసి, బాగుంటేనే బిడ్డలకు పెడతారు. వాళ్ళకు అదే ఆచారం.

కనుమలో పొయ్యి పెట్టిన మొదటి వారంలోనే ఈరక్క అలవాటు కొద్దీ పచ్చడి వేలితో తీసి నాలుకకు రాసుకున్నది. కదిరమ్మ చూసినది. అరవై మందికి నూరిన పచ్చడిని రోటిలోనుంచి ఎత్తి గుట్ట కిందికి పారబోయించినది. ఆ దినం జనం వట్టి సంగటిని ఉప్పునీళ్ళతో మింగినారు. ఆకలి కడుపుల ముందు పచ్చడి పారబోస్తే ఎవరికి కోపం రాదు? ఆ కోపమంతా ఈరక్క మీద పడింది. "ఎంగిలిది" అని పేరు పెట్టినారు. నీళ్ళకు పోతే ఎంగిలిది వచ్చిందనేవాళ్ళు, కట్టెలకు పోతే ఎంగిలిది పోతాందనేవాళ్ళు.

కదిరమ్మ ఆమె చేతిని రోటి మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నది.

"ఇంకొక్కసారి నీ నాలుక ముందు పోయిందంటే, నీ దారి నీది. బిడ్డ మా ఇంటి బిడ్డ, మాతోనే ఉంటాది. ఒప్పుకుంటావా?"

"యాడికి పోతానత్తా నేను? నాకెవరుండారు?"

"అందుకే చెప్తాండా. ఒట్టు పెట్టు."

ఈరక్క ఒట్టు పెట్టినది. అప్పటినుండి ఆమె మూతికి కొంగు అడ్డం కట్టుకుని నూరేదంట. చూసేవాళ్ళు అత్తకు భయపడిందనుకున్నారు. ఆమెకు అత్త మీద భయం కాదు. బిడ్డ చంక జారిపోతుందని భయం.

నెలలు గడిచినాయి. కాలువ ముప్పాతిక వచ్చినది. ఇంట్లో ఉలవలు అయిపోయినాయి, నువ్వులు అయిపోయినాయి. రాగులు మాత్రం పాతర అడుగున కొంచెం ఉన్నాయి. సంగటి ఒక్కటీ గొంతు దిగదు, నంజుకోను ఏదో ఒకటి కావాలి. గంగరాయుడు, ఇంకొకడు కలిసి కనుమ కింద పొదల్లో తవ్వి గంపెడు అడవిగడ్డలు తెచ్చినారు. కదిరమ్మ వాటిని కడిగి, ఉడికించి, తోలు తీసి రోటిలో వేసినది. మిరపకాయలు, చింతపండు, ఉప్పు దండిగా వేసి నూరమన్నది.

ఈరక్క రెండు పొత్రం పోట్లు వేసి ఆగినది. కొంగు తీసి వాసన చూసినది. మొగుణ్ణి అడిగినది:

"ఇవి యాడ తవ్వితిరి?"

"కనుమ కింద, కంపపొదల్లో."

"తీగె ఎట్లుండె? ఆకుకొన చుట్టుకోని ఉండెనా? పూలు ఎర్రగా నిప్పు మాదిరి ఉండెనా?"

"పూలు యాడియి మే ఈ ఎండకు? తీగె కూడా ఎండి పొడి అయిపోయింది. గడ్డ చూసి తవ్వినాము."

ఆమె పొత్రం పక్కన పెట్టేసినది. ఆ పక్క పొదల్లో నాభిగడ్డ ఉంటుంది. చూసేదానికి మామూలు గడ్డ మాదిరే ఉంటుంది. ఉడికించినా దాని విషం పోదు. మేకలోళ్ళ బిడ్డలకు నడక రాకముందే చెప్పే మాట అది. గంపెడు గడ్డల్లో అన్నీ మంచివే కావచ్చు, నాలుగు చెడ్డవి కలిసి ఉండవచ్చు. నూరినాక తెలిసే దారి లేదు, నాలుక మీద పెట్టి చూడడం తప్ప. నాభి అయితే నాలుకకు తిమ్మిరి ఎక్కుతుంది.

"అత్తా, ఇందులో నాభిగడ్డ కలిసినట్లుంది. నాకు వాసన తేడాగా ఉంది. దేవుడికి పెట్టగాకు, జనానికి పెట్టగాకు" అన్నది.

"కారం ఘాటుకు నీకట్ల అనిపిస్తాంది. ఉడికించింది నేను. నా చేతికి తెలీదా?"

"చేతికి తెలిసేది కాదత్తా ఇది. నాలుకకే తెలుస్తాది. నేను చూడను, నాకు ఒట్టుంది. నువ్వు చూడు. ఒక్క చుక్క."

కదిరమ్మకు ఆ మాట చెంపదెబ్బ మాదిరి తగిలింది. నలభై ఏళ్ళ పట్టుదల. "నన్ను ఎంగిలి చేయమంటావా? నీ మాదిరి నన్ను కూడా చేయాలని చూస్తాండావా? లెయ్యి, గిన్నె తీసుకురా" అన్నది.

అవతల అరవై మంది వరుసగా కూర్చుని ఉన్నారు. దేవుడి ముద్ద రాతి మీద పెట్టినాక జనం ముద్దలు ఆకుల్లో పడినాయి, పచ్చడి ఒక్కటే రావాలి, ఆవిరి లేస్తా ఉంది. బయ్యప్ప ముసలాయన, "కదిరమ్మక్కా, దేవుడికి ఆకలి లేకపోతే చెప్పు, మాకుంది!" అని అరిచినాడు.

ఈరక్క అప్పుడు కొంగు పూర్తిగా కిందికి లాగి, అత్త కళ్ళ ముందరే, ఒక వేలితో పచ్చడి తీసి నాలుక మీద పెట్టుకున్నది. మిరపకారం మంట తప్ప ఏమీ తెలియలేదు. అంత కారం వేసి ఉంటే తిమ్మిరి ఎట్లా తెలుస్తుంది? కానీ ఆమె అనుకున్నది ఇంకొకటి. గడ్డ సంగతి అత్త నమ్మకపోయినా, ఎంగిలి అయినదని పచ్చడినైతే పారబోస్తుంది కదా. ఆ దెబ్బకు జనం బతుకుతారు. తన సంసారం పోతే పోయింది.

ఇక్కడ నేను మెల్లగా చెప్పాలి. మా మేనత్త కూడా ఇక్కడికి వచ్చేసరికి పొత్రం ఆపేది.

కదిరమ్మ చూసినది. చూసి, జనం వైపు చూసినది. ఆకలితో ఆకులమీదికి వంగిన ముఖాలు చూసినది. ఇంకొకసారి పచ్చడి పారబోస్తే రేపు పనికి వచ్చేవాడు ఉండడనుకున్నది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళు పక్కకు తిప్పుకున్నది. "నేనేమీ చూడలేదు. స్వామి కూడా ఈ ఒక్కనాటికి చూడడు. ఇంటికి పోయినాక నీ సంగతి చెప్తా" అని నెమ్మదిగా అని, పచ్చడి ఎత్తను గిన్నె వంచినది.

ఏ పట్టుదలకైతే కోడలిని ఊరందరి ముందు ఎంగిలిది అనిపించినదో, ఆ పట్టుదలను, కావలసిన ఒక్క గడియలో వదిలిపెట్టినది.

ఈరక్కకు ఇంక దారి లేదు. విషమని అరిచినా ఎంగిలిదాని మాట ఎవరు నమ్ముతారు? ఆమె రోటి మీదికి వంగి, మూడు వేళ్ళు లోతుకు దించి, గోడకు గీసుకుంటూ తీసి నోట్లో పెట్టుకున్నది. మళ్ళీ తీసి పెట్టుకున్నది. మూడోసారి పెట్టుకుంటూ లేచి నిలబడి, చెయ్యి, మూతి అందరికీ కనబడేటట్లు జనం వైపు తిరిగినది. రోటి గోడకు ఉన్న మూడు గాళ్ళు అప్పుడు పడినవే.

"చూడండి! నేను తిన్నా! దేవుడికంటే ముందు తిన్నా! రోలంతా ఎంగిలి చేసినా!"

అంతమంది చూసినాక కదిరమ్మ చూడలేదని చెప్పను వీల్లేదు. జనం లేచినారు. "ఆకలికి తట్టుకోలేక మెక్కింది చూడు!" అని ఒకరు, "బిడ్డతల్లివి, సిగ్గు లేదా?" అని ఒకరు. చేతికి దొరికిన మట్టిగడ్డ విసిరినారు ఒకరిద్దరు. కదిరమ్మ పచ్చడంతా ఎత్తి గుట్ట కిందికి పారబోసినది. ఈరక్కను రోటి దగ్గరినుండి లాగి, "ఈ గడియ నుంచి నువ్వు మా ఇంటి కోడలివి కావు" అన్నది. జనం ఉప్పునీళ్ళతో సంగటి మింగి, ఆమెను తిట్టుకుంటూ పనికి పోయినారు.

పోతున్నవాళ్ళతో ఆమె ఒక్కటే మాట అన్నది: "పొద్దు వాలేదాకా చూడండి. నాకేమీ కాకపోతే నేను దొంగనే. బిడ్డను ఇడిసిపెట్టి నా అంతట నేనే పోతా."

మధ్యాహ్నం గంగరాయుడు తల్లికి తెలియకుండా బిడ్డను ఎత్తుకుని వచ్చినాడు. బిడ్డ పాలకు ఏడుస్తా ఉంది. ఈరక్క చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నది.

"ఏమే, నీ బిడ్డనే కదా. తీసుకో."

"వద్దు. నా పాలు ఇప్పుడు మంచివి కావు. తీసుకుపోయి గంజి తేట పట్టు. చల్లార్చి పట్టు, మూతి కాలుతాది" అన్నది. "ఈ పక్కకు తిప్పు, ముఖం చూస్తా."

ఆయన తిప్పి చూపించినాడు. అంతే. ఆ తరువాత ఆమె బిడ్డను ముట్టలేదు.

పొద్దు వాలే వేళకు పనివాళ్ళు కిందికి దిగుతూ ఉంటే, పచ్చడి పారబోసిన చోట కాకులు పడి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. కొన్నింటికి ఇంకా రెక్క కొట్టుకుంటా ఉంది. బయ్యప్ప ముసలాయన నెత్తిన ఉన్న గంప కింద పడేసి, గుట్ట ఎక్కి వెనక్కి పరుగెత్తినాడు. ఆయన వెనక అందరూ. కదిరమ్మ అందరికంటే వెనక వచ్చినది.

ఈరక్క రోటికి ఆనుకుని వాంతులు చేసుకుంటా ఉన్నది. ఎవరో మజ్జిగ అన్నారు, ఎవరో చింతాకు రసం అన్నారు. కరువులో మజ్జిగ ఎక్కడిది? తెలిసిన వైద్యమంతా చేసినారు. నాభికి ఏదీ పనిచేయదు. మూడు దినాలు ఆమె ఆ బండ మీదనే ఉన్నది, కదపను కూడా వీలు కాలేదు. ఆ మూడు దినాలూ కదిరమ్మ ఆమె తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్నది.

మొదటి దినం ఈరక్క అడిగిన మాట, "అందరూ బాగుండారా అత్తా?"

"బాగుండారమ్మా. అరవై మందీ బాగుండారు."

రెండో దినం ఆమె ఇంకొకటి అడిగినది. ఈ కథంతా ఆ ఒక్క మాట కోసమే ఇన్ని తరాలు నిలిచినది.

"అత్తా, నా బిడ్డకు వాళ్ళమ్మ ఆకలికి తిన్నాదని చెప్పగాకు. ఎవర్నీ చెప్పనియ్యగాకు. ఎంగిలిది బిడ్డ అని పిలవనియ్యగాకు."

కదిరమ్మ రోటి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టినది. కోడలితో ఒట్టు పెట్టించుకున్న రోలే అది.

మూడో దినం పొద్దు నెత్తికి వచ్చే వేళకు, సంగటి పెట్టే వేళకు, ఈరక్క ప్రాణం పోయినది. అరవై మంది మగవాళ్ళు బండ మీద కూర్చుని ఏడ్చినారంట. కదిరమ్మ ఏడవలేదు. శవం పక్కన నిలబడి అందరికీ వినబడేటట్లు చెప్పినది. "మొదటిసారి ఆమె వేలు నాకినప్పుడు నేను చూసినా. చూసి చూడనట్లు పోయినా. అప్పుడే పారబోసి ఉంటే ఆమె మూడు పిడికిళ్ళు తినాల్సిన పని లేదు. ఆమెను చంపింది గడ్డ కాదు. నేను."

ఆ తరువాత ఆమె తొమ్మిది దినాలు ముద్ద ముట్టలేదు. పదో దినం మిట్టమధ్యాహ్నం రోటి పక్కన కూర్చుని ఉండగా కన్ను మాగన్నుగా మూతపడినది. ఆ కునుకులో ఈరక్క కనబడినది. మూతికి కొంగు లేదు. పొత్రం పట్టుకుని నూరుతా ఉంది. "అత్తా, నేనీ రోటిలోనే ఉంటా, నన్ను యాడికీ కదిలించగాకు. నువ్వు లేచి పచ్చడి నూరు. నాలుక మీద పెట్టుకో. నువ్వు బాగుంటే జనానికి పెట్టు. జనం బాగుంటే దేవుడికి పెట్టు. నాకు చివర పెట్టు" అన్నది. కదిరమ్మ కళ్ళు తెరిచేసరికి పొత్రం రోటిలో ఉంది. అంతకుముందు అది పక్కన బండ మీద ఉన్నది.

ఆమె లేచి పచ్చడి నూరి, అరవై మంది చూస్తుండగా, జీవితంలో మొదటిసారి వండినది నాలుక మీద పెట్టుకున్నది. ఉప్పు ఎక్కువైంది అన్నదంట. ఆ మాట అంటూ అప్పుడు ఏడ్చినది.

ఆ నెలలోనే కాలువ పూర్తయి నీళ్ళు పల్లెకు దిగినాయి. ఆ నీళ్ళే ఈనాటికీ సుద్దలపల్లె తాగుతా ఉంది. బిడ్డ పెరిగి పెద్దదయితే, ఇల్లు విడిచి పంపకుండా ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకున్నారు. ఆ వంశమే మేము.

అప్పటినుండి ఈ గుడిలో వేరే ఎక్కడా లేని ఆచారం నడుస్తున్నది. ప్రతి మంగళవారం, మరి వైశాఖంలో మూడు దినాలు, వచ్చిన ఆడవాళ్ళు ఇక్కడే నూరుతారు. నూరేది కోడలు. రుచి చూసేది అత్త. అత్త లేని ఇంటిలో వయసులో పెద్దామె. మూడు వేళ్ళతో తీసి, అందరూ చూస్తుండగా తినాలి. తిన్నాక ముద్ద ఒకటి పూర్తిగా చల్లారేంతవరకు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ తరువాత కోడలికి అత్త తన చేతితో మొదటి ముద్ద పెడుతుంది. తరువాత జనం తింటారు, తరువాత దేవుడికి పెడతారు. అన్నిటికంటే చివర, మిగిలినది అమ్మకు. ఎంగిలి అని ఎవరూ అనరాదు. ఆ మాటే ఈ కనుమలో నోట రాకూడదు.

మాటామాటా పట్టింపు వచ్చి ఏళ్ళుగా పలుకులు లేని అత్తాకోడళ్ళు ఇక్కడికి వచ్చి ఒక ముద్ద తిని కలిసిపోయినది నేను కళ్ళారా చూసినాను. పాలు పడని తల్లులు రోటి నీళ్ళు రాసుకుంటే పాలు పడతాయి. కడుపునొప్పి బిడ్డలకు నయమవుతుంది. నమ్మినవాళ్ళకు అమ్మ తక్కువ చేయలేదు.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది.

గుడికి రాతి కూసాలు కొత్తగా నిలిపినప్పుడు, మా పెదనాయన కొడుకు ఓబుళప్ప ఒక నల్లరాతి పలక చెక్కించి ఎడమ కూసానికి బిగించినాడు. దాన్ని ఎత్తి పట్టుకున్న నలుగురిలో నేనొకణ్ణి. "ఏమి రాసినారన్నా?" అని అడిగితే, "మన ఇంటి గొప్పేలేరా" అన్నాడు. నేను దండం పెట్టినాను. పదకొండేళ్ళు దినమూ ఆ పలకకు పసుపు రాసి దండం పెట్టినాను. పోయిన వైశాఖంలో నాగవేణి దాన్ని నాకు చదివి వినిపించినది. "ఆకలికి తాళలేక కోడలు ఎంగిలి చేసిన విషపు పచ్చడిని పారబోసి కదిరమ్మ గారు అరువది మంది ప్రాణములు కాపాడిరి" అని ఉన్నది. కోడలి పేరు లేదు.

పారబోసింది కదిరమ్మే. ఎంగిలి చేసింది కోడలే. అరవై మంది బతికినదీ నిజమే. అబద్ధం ఒక్క మాటలో ఉంది, ఆ ఒక్క మాటే చెప్పవద్దని ఆమె అడిగినది. ఓబుళప్పతో నేను పలకడం మానేసినాను. ఆయన పోయిన దినం కూడా వాళ్ళ గడప తొక్కలేదు. కానీ పలక అక్కడే ఉంది. దాన్ని ఎత్తి నిలిపినవి నా చేతులు.

గుట్ట ఎక్కి వచ్చే భక్తులలో చెక్కుడు పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఉలి తెచ్చుకుని రండి. సంగటి మేము పెడతాము. ఆ పలక మీది మాటలు చెక్కివేసి, ఇవి రాయండి. ఇంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ వద్దు, తక్కువ వద్దు: "ఈరక్క ఆకలికి తినలేదు. కదిరమ్మ చూసి చూడనట్లు పోయినది. ఇది కదిరమ్మ ఇంటివాళ్ళే చెప్పి రాయించినది."

ఇట్లు,
సంగటోళ్ళ చౌడప్ప, సుద్దలపల్లె